బీరువా పెట్టించిన కన్నీళ్ళు

ఆ రోజుల్లో నాకు జిగురు తప్ప వేరే లోకం ఉండేది కాదు. ఆనందపురం దగ్గర బంతిపూలు పండించే ఇంట్లో పుట్టి, కెమిస్ట్రీ డిగ్రీ పట్టుకుని అచ్యుతాపురంలో ఒక చిన్న ప్లైవుడ్ ఫ్యాక్టరీ ల్యాబులో చేరాను. చెక్క పొరల్ని అతికించే జిగురు వండటం నా పని. అందులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. చెక్క అతుక్కున్నాక కూడా అది కొంచెం కొంచెం బయటికొస్తూ కళ్ళు మండిస్తుంది. రోజంతా ఆ గాలే పీల్చే నా ముక్కుకి మాత్రం ఏమీ తెలిసేది కాదు. (మా అమ్మ నా చొక్కాలు విడిగా ఉతికేది. ఉద్యోగస్తుడినని గౌరవం కాబోలు అనుకునేవాణ్ణి.)

జాలరిపేటలో నాకో ప్రాణస్నేహితుడు ఉండేవాడు. చుట్టరికం లేకపోయినా బావే, వాళ్ళమ్మ నాకు అత్తే. బావ పెళ్ళికి మా ఫ్యాక్టరీ చెక్కతో బీరువా చేయించి ఇచ్చాను. ఎండుచేపల వాసన పట్టుచీరలకి పడుతుందని అత్త ఆ గది కిటికీలన్నీ బిగించేసింది. అంతే, కొత్త కోడలు రోజూ పొద్దున్నే కళ్ళు తుడుచుకుంటూ బయటికి రావడం మొదలైంది. ఓదారుద్దామని లోపలికెళ్ళిన అత్త కూడా కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకునే వచ్చింది. దిష్టి తగిలిందని తలుపులు మూసి సాంబ్రాణి వేశారు. దాంతో వాకిట్లో వాళ్ళకీ కన్నీళ్ళొచ్చాయి. పేట పేటంతా బావని అనుమానంగా చూడసాగింది.

"నానొక్క మాట కూడా అన్నేదు బావా! మా మావొచ్చి పిల్లని తీసుకుపోతానంటన్నాడు," అని బావ ఫ్యాక్టరీ గేటు దగ్గర నా చేతులు పట్టుకున్నాడు. నేను పరిగెత్తుకెళ్ళి అడిగితే పెళ్ళికూతురు మెల్లగా చెప్పింది. "ఆ బీరువా తలుపు తీత్తే సాలు, కళ్ళు మండిపోతన్నాయన్నా. నువ్విచ్చింది కదా, సెప్తే బాధపడతావని ఊరుకున్నాను." ఆ మర్యాదకి నాకు తల కొట్టేసినట్టయింది. మరబోటు నడిపే వాళ్ళ నాన్న (బావతో పాటు నాకూ మావే) మాత్రం నమ్మలేదు. "సెక్క మనిసిని ఏడిపిత్తదేటి? సరే, మంచి బీరువా తెండి. అప్పుడు కూడా మా గుంటకి కళ్ళు తడిత్తే పిల్లని నాతో తీసుకుపోతాను."

బావ కాపురం నా చేతిలో పడింది. నేను పంతం పట్టాను. ఫార్మాల్డిహైడ్ బాగా తగ్గించి జిగురు వండాను. "పట్టు తగ్గిపోద్దయ్యా, నీటికి ఆగదు," అన్నారు మేనేజర్ గారు. బీరువా సముద్రంలోకి వెళ్తుందా ఏమిటని నవ్వేసి, రెండో బీరువాని వ్యానెక్కించాను. మండటం లేదని మావ కూడా ఒప్పుకున్నాడు. ఇంతలో అత్త, కొత్త పడవకి చేసినట్టే, బిందెడు పసుపునీళ్ళు దాని నెత్తిన కుమ్మరించింది. "అత్తా, వద్దు!" అనేలోపు రెండో బిందె కూడా అయిపోయింది. సాయంత్రానికి పొరలు ఉబ్బి, తలుపు ఊడి నా కాలి మీద పడింది. పసుపునీళ్ళు కారుతున్న బీరువాని మావ ఎగాదిగా చూశాడు. "మొదటిది మా గుంటని ఏడిపించింది. ఇదేటిరా, ఇదే ఏడత్తంది!"

వదల్లేదు. ఈసారి జిగురులో మెలమైన్ కలిపాను. అది నీటికి ఆగే పట్టునిస్తుంది, మంటనీ అదుపులో పెడుతుంది. కాకపోతే ఖరీదెక్కువ. "ఫ్యాక్టరీని కూడా అందులో కలిపేయవయ్యా," అని మేనేజర్ గారు రోజూ సణిగేవారు. అతికించిన ముక్కల్ని నీళ్ళలో మరగబెట్టి, పట్టకారుతో పీకి చూసేవాణ్ణి. ఊడితే మళ్ళీ వండేవాణ్ణి. వాసనకి అమ్మ ముక్కే నా పరికరం. ముక్కల్ని స్టీలు డబ్బాలో మూతపెట్టి ఉంచి, పొద్దున్నే ఆవిడ మొహం దగ్గర తెరిచేవాణ్ణి. ఆవిడ మొహం తిప్పుకుంటే ఆ రోజు నాకు టిఫిను సహించేది కాదు. చివరికి ఒక ఉదయం అమ్మ డబ్బాలోకి తొంగిచూసి, "ఇందులో ఏటీ నేదు కదరా?" అంది. నేను ఆవిడ్ని ఎత్తి తిప్పేశాను.

మూడో బీరువా మీద మొదటి బిందె నేనే పోశాను. మర్నాటికీ అది చెక్కుచెదరలేదు. మావ కూతురితో గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. మేమంతా వాకిట్లో నిలబడ్డాం. తలుపు తెరుచుకుంది. మావ కళ్ళు రెండూ తడి!

గదిలోకి దూసుకెళ్ళి బీరువాలో తల దూర్చి, "వాసన నేదు మావా, మా అమ్మ మీద ఒట్టు! మెలమైనేసినాను!" అని అరుస్తున్నాను. వెనక నుంచి మావ గొంతు వినిపించింది. "సెక్క బాగానే ఉందిరా. మనింటికి పోదాం రామ్మా అంటే, ఇదే నా ఇల్లు నానా అనీసింది."

ఇప్పుడు నా ల్యాబులో గాలిని కొలిచే యంత్రాలున్నాయి, కింద పనిచేసే కుర్రాళ్ళున్నారు. అయినా నాకు తరచూ గుర్తొచ్చేది, కూతురు దూరమైందని ఒక తండ్రి కళ్ళు తుడుచుకుంటుంటే, బీరువాలో తల పెట్టి ఆయనకి మెలమైన్ సంగతి వివరిస్తున్న ఆ కుర్రాడే. వాడి చొక్కా పట్టుకుని బయటికి లాగాలనిపిస్తుంది. లాగినా వచ్చే రకం కాదు వాడు.