మునెమ్మ చలికోటు

దెయ్యాల సంగతి చెప్పేవాళ్లందరూ "నాకు నమ్మకం లేదు గానీ" అనే మొదలుపెడతారు. నేనూ అట్లాగే మొదలుపెట్టాల్సి రావడం నాకే చిరాకుగా ఉంది. చిన్నప్పుడు మా అత్తలు దెయ్యం కథలు చెబుతుంటే, కాళ్లు వెనక్కి తిరిగి ఉంటే చెప్పులు ఎట్లా వేసుకుంటుందని అడిగి తిట్లు తిన్నదాన్ని. మా నాయన బడిపంతులు. భయం వేస్తే దీపం తీసుకుని పోయి చూసి రా అనేవాడు. నా పద్ధతి ఇప్పటికీ అదే. అందుకే చూసింది చూసినట్టు చెబుతాను.

తిరుపతి నుంచి ఏర్పేడు పోయే దారిలో ఒక ప్యాక్‌హౌస్‌లో నేను సూపర్‌వైజర్‌ని. మామిడిపండ్లు, కరివేపాకు, మునక్కాయలు ఏరి, కడిగి, పెట్టెల్లో సర్ది చెన్నై విమానాశ్రయానికి పంపుతాం. ఇక్కడ పొద్దున పెట్టెకెక్కిన కరివేపాకు మర్నాడు గల్ఫ్‌లో ఎవరి తాలింపులోనో పడుతుంది. విమానం ఎవరి కోసమూ ఆగదు కాబట్టి మా దగ్గర అందరికీ నోరెక్కువ, ఓపిక తక్కువ. నాకు మరీను.

లారీ వచ్చేదాకా పెట్టెలు కోల్డ్ రూమ్‌లో ఉంటాయి. తలుపు పక్కన గోడకు కొక్కేలు, వాటికి నీలం రంగు చలికోట్లు. లోపలికి పోయేవాళ్లు కోటు వేసుకుని పోవాలి, బయటికి రాగానే తగిలించాలి. కోట్లన్నీ కొక్కేలకు ఉంటే లోపల ఎవరూ లేనట్టు. అప్పుడే తాళం. పైవాళ్లు చెప్పిన నియమం కాదిది, మా ఆడవాళ్లు పెట్టుకున్న అలవాటు. ఒక్కరు తప్ప అందరూ పాటించేవాళ్లు.

ఈ అలవాటు మొదలుపెట్టింది మునెమ్మ. తిరుచానూరులో పూలు కట్టి అమ్ముకునే మనిషి, మోకాళ్లు నొప్పులని అది మానేసి మా దగ్గర చేరింది. ఆమె కోటుకు జిప్పు పోయింది. కొత్తది ఇస్తామంటే వద్దంది. వెనకది ముందుకు వచ్చేట్టు తిరగేసి తొడుక్కుని, పాత చీర అంచు పీలికతో వీపు మీద కట్టించుకునేది. రోజూ కట్టేది ఆమె కోడలు రెడ్డెమ్మ. తనూ మా దగ్గరే పని.

అత్తాకోడళ్లకు క్షణం పడదు. మాటలు లేని రోజులు కూడా ఉండేవి. అయినా మునెమ్మ వచ్చి, ఏమీ అనకుండా వీపు తిప్పి నిలబడేది. రెడ్డెమ్మ కూడా ఏమీ అనకుండా కట్టేది. ఎట్లా కట్టినా అత్తకు నచ్చదు. "పూలు కట్టే ముడి ఎయ్యమే అంటే గోనెసంచికి కట్టినట్టు కడతాది. ఇన్నేండ్లయినా దీనికి ఆ ముడి పట్టుబడలా," అని నాతో చెప్పేది, కోడలికి వినబడేట్టుగా.

ఇంకో గొడవ కూడా ఉండేది. రెడ్డెమ్మ కోటు వేసుకోకుండానే లోపలికి దూరిపోయేది. ఇప్పుడే వచ్చేస్తానుగా అనేది. "నిమిసమో గంటో మంచుకు తెలుస్తాదా? జలుబు చేస్తే బిడ్డకు పాలెవురిస్తారు?" అని మునెమ్మ అరిచేది. అప్పటికి రెడ్డెమ్మకు చంటిపిల్ల.

పోయిన కార్తీకంలో మునెమ్మ జ్వరంతో పోయింది. ఆమె కోటు మాత్రం చివరి కొక్కేనికి అట్లాగే ఉండిపోయింది, చీర పీలికతో సహా. ఎవరూ తీయలేదు, ఎవరూ వేసుకోలేదు.

ఇక ఆ రోజు సంగతి. మే నెల, మిట్టమధ్యాహ్నం. బయట నేల కాలిపోతోంది. మామిడి పెట్టెలతో పాటు ఆ రోజు గడ్డకట్టించిన మునక్కాయ ముక్కలు కూడా ఉన్నాయి. మామూలుగా అవి ఓడలో పోతాయి. కొనేవాళ్లు తొందరపెట్టడంతో డ్రై ఐస్ వేసి విమానానికి సిద్ధం చేశాం. డ్రై ఐస్ అంటే గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్, దాని ఆవిరి బరువైనది, నేల మీద పేరుకుని గాలిని తోసేస్తుంది. మూసిన గదిలో కిందికి వంగితే ఊపిరి అందదు. అందుకని ఆ పెట్టెలు బయటి షెడ్డులోనే ఉంచాలి. ఎండకు తట్టుకోవని ఎవరో వాటిని కోల్డ్ రూమ్‌లోకి తోసేశారు. నాకు ఆ సంగతి తర్వాత గానీ తెలియలేదు.

లారీ పుత్తూరు దాటిందని ఫోను వచ్చింది. అది వచ్చేలోగా అందరినీ అన్నానికి పొమ్మన్నాను. కోట్ల వైపు చూశాను. అన్నీ ఉన్నాయి, చివరిది కూడా. నా గుర్తు అంతే, దీని మీద ఎవరు ఎన్నిసార్లు గుచ్చి అడిగినా ఇదే చెబుతాను. తలుపు వేసి, తాళం పెట్టి, చెవి పిడికిట్లో పట్టుకుని ఎదురుగా ఉన్న కొళాయి దగ్గర చేతులు కడుక్కున్నాను.

వెనక్కి తిరిగితే చివరి కొక్కెం ఖాళీగా ఉంది.

కింద పడిందేమోనని చూశాను. లేదు. వరండాలో ఎవరూ లేరు. తాళం చెవి నా చేతిలోనే ఉంది, తడిగా. లోపలి నుంచి నొక్కడానికి బెల్లు ఉంది, అది మోగలేదు. ఎవరో ఆ పాత గుడ్డను పారేసి ఉంటారులే అని ఒక అడుగు వేశాను కూడా. కానీ మా అలవాటు ఒకటి ఉంది కదా. కోటు లేదంటే మనిషి లోపల ఉన్నట్టు. వెనక్కి వచ్చాను.

తాళం తీస్తుంటే మేనేజరు చూశాడు. "ఏం మేడమ్, ఇప్పుడు తలుపు తెరిస్తే సరుకేం గావాల? లారీ వస్తాండాది," అని గట్టిగా అన్నాడు.

"లోపల ఎవురో ఉండారు," అన్నాను.

"యాడుండారు? కోట్లన్నీ ఈడనే ఉండాయి గదా."

"మునెమ్మది లేదు," అన్నాను. ఆయన నన్ను అదోలా చూశాడు. నేనైనా అట్లాగే చూసేదాన్ని.

తలుపు తీయగానే తెల్లటి పొగ కాళ్ల మీదికి వచ్చింది. డ్రై ఐస్ లోపల ఉందని అప్పుడు అర్థమైంది. వాచ్‌మన్ సుబ్రమణ్యాన్ని కేకేసి, ఇద్దరం ఊపిరి బిగబట్టి పోయాం. చివరి వరుస పెట్టెల వెనక రెడ్డెమ్మ పడి ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. చేతిలో లేబుళ్ల చుట్ట. కింది పెట్టెలకు అంటించడం మర్చిపోయానని, ఎప్పటిలాగే తన కోటు కొక్కేనికే వదిలేసి దూరిందట.

కానీ ఆమె ఒంటి మీద కోటు ఉంది. మునెమ్మది. తిరగేసి తొడిగి, రెండు చేతులూ దూర్చి, మెడదాకా లాగి ఉంది. బయటికి మోసుకొచ్చి పక్కకు తిప్పితే వీపు మీద చీర పీలిక కనిపించింది. ముడి విప్పబోతే రాలేదు. పూలు కట్టే ముడి. చివరికి కత్తెరతో కోశాను.

ఆస్పత్రిలో సాయంత్రానికి తేరుకుంది. ఇంకాస్త ఆలస్యమైతే చేతికి దక్కేది కాదని డాక్టరు అన్నాడు. రెడ్డెమ్మకు తల తిరగడం, మోకాళ్ల మీద పడటం గుర్తున్నాయి. కోటు సంగతి అడిగితే, ఆ కోటు జోలికి తానెప్పుడూ పోలేదంది. నేను చూసిందంతా చెప్పాను. భయపడుతుందనుకున్నాను. కోపం వచ్చింది ఆమెకు.

"సచ్చినా నా యెనకాలే తిరగతా ఉండాది ముసిల్ది," అని గోడ వైపు తిరిగి ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. పిల్లను తెచ్చి పక్కన పడుకోబెట్టాక ఊరుకుంది.

నేను చేయగలిగిన విచారణ అంతా చేశాను. ఆడవాళ్లందరూ షెడ్డు అవతల అన్నాల దగ్గరే ఉన్నారు, ఒకరికొకరు సాక్ష్యం. వరండాలో కెమెరా లేదు. పెట్టమని అంతకుముందు నేనే మొత్తుకున్నాను. తల తిరుగుతున్న మనిషి తానే బయటికి వచ్చి కోటు తీసుకుని మళ్లీ లోపలికి పోయిందనుకుందాం. అన్ని కోట్లూ ఉన్నాయని నా కళ్లే మోసపోయాయనుకుందాం. అంతవరకూ ఒప్పుకుంటాను.

ముడి దగ్గరే ఆగిపోతాను. ఇంట్లో మా ఆయన చొక్కా తిరగేసి తొడుక్కుని, అద్దం ముందు నిలబడి, చేతులు వెనక్కి పెట్టి ఎన్నోసార్లు ప్రయత్నించాను. మామూలు ముడే పడదు. మా ఆయన నవ్వి, తర్వాత నవ్వడం మానేశాడు.

రెడ్డెమ్మ మళ్లీ పనిలోకి వచ్చింది. కొత్త కోటు ఇస్తే తీసుకోలేదు. చివరి కొక్కెం నుంచి ఆ పాతది తీసి, తిరగేసి తొడుక్కుని, ఏమీ అనకుండా నాకు వీపు తిప్పి నిలబడుతుంది. నేను కొత్త పీలికతో కడతాను. గోనెసంచికి కట్టినట్టే వస్తుంది. ఆ రోజు కట్టింది ఎవరో నాకు తెలియదు.