టైరు ఎత్తు సాక్షి

కెనడాలోని గ్వెల్ఫ్‌లో భీమారావు ఎక్కడికెళ్తే అక్కడికి నీలం ఫైలు కూడా వెళ్తుంది. అందులో పాస్‌పోర్టు కాపీ, మార్కుల లిస్టులు, పాత ఆఫర్ లెటర్లు, అన్నీ మూడేసి జెరాక్సులు, ప్రతిదానికీ నాలుగు మూలలా పసుపు. లైబ్రరీ కార్డు కోసం వెళ్లి టెన్త్ సర్టిఫికెట్ చూపించాడు. క్షవరానికి వెళ్లి కుర్చీలో కూర్చోకముందే ఫైలు తెరిచాడు. బేస్‌మెంట్‌లో ఇతనితో ఉండే దీపక్ ఒకసారి అందులో పిజ్జా మెనూ దూర్చేస్తే, దానికీ పసుపు పెట్టేశాడు మహానుభావుడు.

ఇన్ని కాగితాలు మోసే మనిషి వర్క్ పర్మిట్ మీద తేదీ చూడ్డం మాత్రం మర్చిపోయాడు. పర్మిట్ అయిపోయిన పదకొండు రోజులకి గుర్తొచ్చింది. పరుగున, దేశంలో ఉండే స్టేటస్ తిరిగిమ్మంటూ రెస్టొరేషన్‌కి అప్లై చేశాడు. జవాబొచ్చేదాకా పని చెయ్యకూడదు. అందుకని ఫ్యాక్టరీ మానేసి ఇంట్లో గరిటె పట్టాడు.

ఆ మంగళవారం పొద్దున్న సింకు దగ్గర బెండకాయలు కడుగుతున్నాడు. బేస్‌మెంట్ కిటికీ నేల మట్టానికి ఉంటుంది. అందులోంచి చూస్తే లోకమంటే చెప్పులు, టైర్లు, ఉడతలు. పై ఇంటి ఓనరు బాలత్రిపురసుందరి గారి ఊదారంగు చెప్పులు రీసైకిల్ డబ్బా లాక్కుంటూ వెళ్లాయి. రివర్స్‌లో వచ్చిన ట్రక్కొకటి ఆవిణ్ణి పడేసి, ఒక్క క్షణం ఆగి, తుర్రుమంది. ఆ ఒక్క క్షణం నంబర్ ప్లేటు భీమారావు ముక్కుకి ఎదురుగా నిలబడింది.

అంబులెన్స్‌కి తనే ఫోన్ చేశాడు. ఆవిడ కాలు విరిగింది. స్ట్రెచర్ మీద కూడా గొంతు తగ్గలేదు. "ఎవడ్రా వాడు? చూశావా?"

"నంబరు చూశానండీ ఆంటీ."

"అయితే పోలీసులకి చెప్పు. ఊరుకోకు!"

సాయంత్రం పోలీసులు వస్తారనగా దీపక్ షిఫ్ట్ నుంచి వచ్చాడు. సంగతి విని తల పట్టుకున్నాడు.

"అన్నా, నీకేమన్న పిచ్చా? కంప్యూటర్ల నీ పేరు కొడ్తే జాతకమంతా వస్తది. ఆళ్లు బోర్డర్ ఏజెన్సీకి ఒక్క ఫోన్ కొడ్తే, నువ్వు సీదా వైజాగ్‌ల దిగుతవ్."

"అందరూ అలా చేస్తారంటావా?"

"కొందరు చేస్తరు, కొందరు చెయ్యరు. నీ దగ్గరికి ఎవరొస్తరో నాకేం ఎరుక? నంబర్ నాకు చెప్పు. నాకు పీఆర్ ఉంది, ఈడ పర్మనెంటుగ ఉండొచ్చు. నేనే చూసిన్నంట."

భీమారావుకి ప్రాణం లేచొచ్చింది. నంబరు చీటీ మీద రాసిచ్చేశాడు. ఆఫీసరమ్మ వచ్చింది. దీపక్ ఛాతీ విరిచి నంబరు చదివాడు.

"ట్రక్కు ఏ రంగు?" అడిగిందామె.

"తెలుపు."

"నలుపండీ," అనేశాడు పొయ్యి దగ్గర్నుంచి భీమారావు. అబద్ధం పక్కన ఊరుకోలేని నోరది. "కింద అంచు నలుపు. పైన నాకు తెలీదు."

"పైన తెలీకపోవడమేంటి?"

అతను కిటికీ చూపించాడు. ఆమె సింకు దగ్గర వంగి, బయటికి చూసి, ఫక్కుమంది. అసలు సాక్షి ఎవరో అప్పుడామెకి అర్థమైంది. దీపక్‌ని ఒక్క చూపు చూసేసరికి వాడు ఫ్రిజ్‌లో ఏదో వెతుక్కోడం మొదలెట్టాడు.

భీమారావు పేరు, అడ్రసు, ఫోన్ నంబరు రాసుకుంది. అంతే చాలు. కానీ యూనిఫాం చూస్తే ఇతని చెయ్యి ఆగుతుందా? నీలం ఫైలు తెరిచి, రెస్టొరేషన్ కాగితం పైకొచ్చేలా ఆమె ముందు పెట్టేశాడు. ఫ్రిజ్ తలుపు వెనక దీపక్ కళ్లు మూసుకున్నాడు.

ఆమె మొదటి రెండు లైన్లు చదివింది. పెన్ను ఆగింది. కుక్కర్ ఒక కూత వేసింది.

"నేనడిగింది ట్రక్కు గురించి," అని ఒక్క వేలితో ఫైలు వెనక్కి తోసింది. వేలికి పసుపంటింది. ప్యాంటుకి తుడుచుకుంది. "నవంబర్‌లో కోర్టుకి రావాల్సి రావచ్చు. ఉంటారుగా?"

"ఉండనిస్తే ఉంటానండీ."

సాక్ష్యానికి రమ్మని కోర్టు కాగితం నెల తర్వాత వచ్చింది. రెస్టొరేషన్ జవాబు ఇంకా రాలేదు. కాలికి కట్టుతో మెట్ల మీద కూర్చుని సుందరి గారు తొందరపెడుతున్నారు, "చదవరా, ఏం రాశారు?"

"నన్ను ఉండమని రాశారండీ ఆంటీ. ఈ ఫైల్లో కాగితాలన్నీ నన్ను ఉండనివ్వండని నేను అడిగినవే. నన్ను ఉండమని వాళ్లడిగింది ఇదొక్కటే."

"ఇంకేం, పసుపు గట్టిగ పెట్టు," అన్నాడు దీపక్, డబ్బా అందిస్తూ.