నాయనమ్మ చెయ్యి చెడిందన్న మాట

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఎవరికి ఏ నలత చేసినా ముందు మా నాయనమ్మ దగ్గరికే వచ్చేవాళ్లు. మాది కొత్తగూడ అడవుల అంచున చిన్న ఊరు. దవాఖానకు పోవాలంటే ఎడ్లబండి మీద వాగు దాటి సగం పూట ప్రయాణం. అందుకని దగ్గుకు మిరియాల కషాయం, కడుపునొప్పికి వాము, కాలు బెణికితే వెచ్చచేసిన ఆముదపాకు కట్టు, జలుబుకు పసుపునీళ్ల ఆవిరి, అన్నీ ఆమే చూసేది. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. మందు నూరేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని ఏది ఎందుకో చెప్పేది. ఆమె హస్తవాసి మంచిదని ఊరంతా నమ్మకం. నా దోస్తుల దగ్గర నేను దాని గురించే గొప్పలు పోయేదాన్ని.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, వానకాలంలో, పక్కింటి అక్క తన బిడ్డను ఎత్తుకొని వచ్చింది. పెళ్లయిన ఆరేళ్లకు పుట్టిన ఆడపిల్ల, ఏడాది కూడా నిండలేదు. బడి లేని రోజుల్లో ఆ పాపను చంకన వేసుకొని తిరిగేది నేనే. తెల్లారినప్పటి నుంచి బేదులు అవుతున్నాయని అక్క చెప్పింది. నాయనమ్మ పల్చటి గంజిలో ఉప్పు వేసి చెంచాతో తాగించింది. పాలు మానొద్దని చెప్పి పంపింది. మామూలుగా పిల్లలు దానితోనే తేరుకునేవాళ్లు.

మర్నాడు పొద్దున్నే అక్క మళ్లీ వచ్చింది. పాప ఏడవడం లేదు. కళ్లు లోపలికి పోయాయి. నాయనమ్మ పాప పొట్ట మీది తోలును రెండు వేళ్లతో పట్టి వదిలింది. ఆ ముడత అట్లాగే నిలబడిపోయింది. నాయనమ్మ ముఖం మారిపోవడం నేను చూశాను.

"ఇది నాతోని అయ్యేది కాదు బిడ్డా. ఒంట్ల నీళ్లన్ని పోయినయి. ఇప్పుడే దవాఖానకు తీస్కపో, గ్లూకోజు ఎక్కియ్యాలె" అంది.

అక్క కదల్లేదు. "గట్లనకు అవ్వా. నీ చేతిల ఎవ్వలకు తగ్గలే? నువ్వే ఏదన్న పొయ్యి" అని కాళ్లు పట్టుకుంది.

నాయనమ్మ నన్ను చేనుకు పంపి అక్క పెనిమిటిని పిలిపించింది. ఆ బావ వచ్చి ఆకాశం వైపు చూశాడు. మబ్బు పట్టింది, వాగు పొంగుతుందేమో, తగ్గకపోతే రేపు పోదామన్నాడు. ఎంత చెప్పినా ఇద్దరిదీ ఒకటే మాట. నాయనమ్మ బతిమిలాడింది, తిట్టింది కూడా. చివరికి అక్క ఏడుపు చూడలేక పాప నోట్లో ఇన్ని గంజినీళ్లు పోసింది. వాళ్లు దాన్నే మందనుకున్నారు. నిమ్మళంగా ఇంటికి పోయారు.

మధ్యాహ్నానికి పాప కాళ్లు చేతులు చల్లబడ్డాయి. అప్పుడు బండి కట్టారు. నాయనమ్మ కూడా ఎక్కింది. వాగు ఒడ్డుకు చేరేసరికి అక్క ఒళ్లోనే పాప ప్రాణం పోయింది. బండి వెనక్కి తిరిగి రావడం మా అరుగు మీద నుంచి చూశాను. వాగులో ఆ రోజు మోకాలి లోతు నీళ్లే ఉన్నాయని తర్వాత తెలిసింది.

నాలుగో రోజు ఇంకో తల్లి రెండేళ్ల కొడుకును తెచ్చింది. వాడికీ బేదులే. దవాఖానకు పొమ్మంటే వినలేదు. "ఆ పిల్లకు నూకలు చెల్లినయి గని, నీ చెయ్యి మంచిదే అవ్వా" అంది.

నాయనమ్మ లేచింది. లోపలికి పోయి మందుల సీసాలు, డబ్బాలు ఒక్కొక్కటే తెచ్చి వాకిట్లో బురదలో కుమ్మరించింది. చుట్టుపక్కల వాళ్లు పోగయ్యారు. "కలల అమ్మవారు కనవడ్డది. నా చెయ్యి సచ్చిందట. ఇగ నేను ముట్టినోళ్లు బతకరట. ఎవ్వలు నా గడప తొక్కకుర్రి" అని అందరికీ వినబడేట్టు అరిచింది. ఆ తల్లి కొడుకును గుండెకు అదుముకొని వెనక్కి వెనక్కి జరిగింది.

అందరూ పోయాక, నిజంగా అమ్మవారు కనబడిందా అని భయం భయంగా అడిగాను.

"లేదు బిడ్డా. నిజం జెప్తే ఎవ్వలు ఇనలే. అబద్ధమన్న ఇంటరేమో" అంది.

విన్నారు. కానీ ఆ తల్లి దవాఖానకు పోలేదు. పక్క ఊళ్లో ఆకు పసరు పోసే ముసలాయన దగ్గరికి పోయింది. పిల్లవాడు ఎట్లాగో బతికాడు. ఇక అప్పటి నుంచి మా ఊరంతా ఆయన దగ్గరికే. మా నాయనమ్మ చెయ్యి చెడినందుకే పక్కింటి పాప పోయిందన్న మాట కూడా అప్పుడే పుట్టింది. అక్క మా ఇంటి వైపు చూడటం మానేసింది. నాయనమ్మ ఆ నిందను ఒక్కసారి కూడా కాదనలేదు. తనకు దగ్గు పట్టుకున్నా నాలుగు మిరియాలు నూరుకోలేదు. అట్లాగే మూడేళ్లు బతికి కన్నుమూసింది.

చాలా ఏళ్లకు, నాకూ పిల్లలు పుట్టాక, అక్క ఇంటికి పోయాను. అమ్మవారు కనబడలేదని, నాయనమ్మ ఆ మాట ఎందుకు అన్నదో అంతా చెప్పాను. ఆమె కందులు చెరుగుతోంది. చేతిలో చాట ఆగలేదు.

"నాకెరికే" అంది. "పొద్దుగాల్నే పొమ్మని జెప్పె. మేమే పోలే. అవ్వది తప్పు అనుకోకుంటే నేనెట్ల బతుకుదు, నువ్వే జెప్పు."

 కాసేపు ఆమెతో కందులు ఏరి లేచి వచ్చేశాను.

ఇప్పుడు మా ఊరికి రోడ్డు పడింది, వాగు మీద వంతెన ఉంది, ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుంది. మనవలకు జలుబు చేస్తే నేనూ ఆవిరి పట్టిస్తాను. ఎవరి పిల్లకు బేదులన్నా ముందు కళ్లు చూస్తాను, పొట్ట చూస్తాను, తేడా అనిపిస్తే వెంటనే పొమ్మంటాను. మొన్న మా వీధిలో ఒక చిన్న వయసు తల్లికి అట్లాగే చెప్పాను. ఫోన్‌లో ఏదో చిట్కా చూసిందట, అది వాడి చూసి, తగ్గకపోతే రేపు పోతానంది. చేతులు పట్టుకొని బతిమిలాడాను. పెద్దదానివి కదా, నీకు భయమెక్కువ అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది. వాళ్ల తలుపు వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. నిజం చెప్పడం తప్ప నాకు ఇంకేదీ చేతకాదు. అది చాలదని నాకు తొమ్మిదేళ్ల వయసులోనే తెలిసింది.