కమ్మీ మీద కూతురు, కాంటీన్‌లో తల్లి

యార్క్‌టన్ ఊళ్లో లారిసా కోవాల్ పేరు తెలియనివాళ్లు లేరు. కెనడా జిమ్నాస్టిక్స్ జట్టులో ఏళ్ల తరబడి ఆడిన పిల్ల. ఎత్తూ పల్లంగా ఉండే జంట కమ్మీల్లో పై కమ్మీ వదిలేసి, గాల్లో పల్టీ కొట్టి, మళ్లీ ఆ కమ్మీనే పట్టుకోవడంలో ఆమెకు సాటి ఎవరూ లేరు.

ఆమెను ఇంతదాన్ని చేసింది తల్లి డోరీనే అని ఊరంతా అంటారు. మంచు తుఫానులో కూడా కూతుర్ని ప్రాక్టీసుకు రిజైనా నగరం దాకా కారులో తీసుకెళ్లిన మనిషి. పోటీల్లో పిల్లల తల్లిదండ్రులు తలా ఓ పని అందుకోవాలి కదా, డోరీన్ ఎప్పుడూ కాంటీనే అడిగి తీసుకునేది. బంగాళాదుంప కూరి కజ్జికాయల్లా మడిచి ఉడికించిన పెరోగీల మీద వేయించిన ఉల్లిపాయలు చల్లి అందరికీ పెట్టేది. కూతురి ఆట కూడా వదులుకుని సేవ చేస్తోందని జనం తెగ మెచ్చుకునేవారు.

భుజానికి రెండో ఆపరేషన్ అయ్యాక లారిసాకు కమ్మీ వైపు చూడబుద్ధి కాలేదు. ఇక చాలనిపించింది. కోచ్‌కి చెప్పేసింది గానీ, అమ్మ దగ్గర నోరు పెగల్లేదు. ఇన్నేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరైందని అమ్మ కుమిలిపోతే?

ఒక ఆదివారం డోరీన్ గుమ్మం దగ్గర బూట్లు విప్పుతుంటే అనేసింది.

"అమ్మా, నేను ఆట మానేస్తున్నా."

డోరీన్ ఒంటికాలి బూటుతోనే నేలమీద చతికిలబడింది. "నిజంగానా? మళ్లీ మనసు మార్చుకోవు కదా?"

"కోపం వచ్చిందా?"

"కోపమా, నా తలకాయా! ఈ మాట కోసం ఎన్నాళ్లుగా కాచుక్కూచున్నానో నీకేం తెలుసే! నువ్వు కమ్మీ ఎక్కగా నేను ఒక్కసారైనా చూశానా?"

"కాంటీన్‌లో ఉంటే ఎలా చూస్తావు?"

"మరి కాంటీన్‌లో ఎందుకున్నాననుకున్నావ్, పెరోగీల మీద ప్రేమా? నీ పేరు పిలవగానే ఫ్రిజ్‌లో తల దూర్చేదాన్ని. చప్పట్లు వినబడ్డాకే బయటికి తీసేదాన్ని."

"అవ్వ! మరి వద్దని ఒక్క మాట అనకపోయావా?"

"నీకు అదంటే ప్రాణం కదే. ఎలా అనను?"

లారిసా అక్కడే, తడి బూట్ల మధ్య, తల్లిని వాటేసుకుని హాయిగా ఏడ్చింది. నెలల తరబడి మోసిన బరువు దిగిపోయింది.

ఆ సాయంత్రం ఇద్దరూ సోఫాలో కూర్చుని పాత పోటీ వీడియో పెట్టుకున్నారు. తెరమీద లారిసా కమ్మీ వదిలింది. డోరీన్ గోళ్లు కూతురి మణికట్టులో దిగాయి.

"పట్టుకుంటావా?"

"పక్కనే ఉన్నా కదమ్మా. కళ్లు తెరువు."

డోరీన్ తెరిచింది. తెరమీది చేతులు కమ్మీని అందుకున్నాయి.

"ఎంత బాగా ఎగిరావే," అంది డోరీన్, కళ్లు తుడుచుకుంటూ. "మళ్లీ పెట్టు."