గట్టు మామ్మగారు వండిన కోడికూర

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఈస్టరు పండగ నలభై రోజుల ముందే, వంటింటి మూల పెట్టిన ఒక మట్టికుండతో మొదలయ్యేది. రాజోలు దగ్గర కాలవ పక్కన మా పేట. అందులో ఆరిళ్ళు మా చుట్టాలవే. శ్రమల దినాలు మొదలైన బుధవారం నుంచి ప్రతి ఇంట్లోనూ పెద్దవాళ్ళు ఒక పూట భోజనం మానేసి, ఆ పూట బియ్యంలోంచి గుప్పెడు తీసి కుండలో పోసేవారు. చర్చికిచ్చే గుప్పెడు వేరు, అది ఏడాది పొడుగునా ఉండేది. ఈ కుండలోది మాత్రం పండగ పొద్దుటి పొట్టిక్కల కోసం.

పొట్టిక్కలంటే మరేం లేదు, ఇడ్లీ పిండినే పనసాకు బుట్టల్లో పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. నాలుగు పనసాకులు కొబ్బరి ఈనె ముక్కలతో కలిపి కుడితే ఒక బుట్ట. పండగ ముందు రోజు శనివారం ఆరిళ్ళ కుండలూ మా ఇంటికి చేరేవి. అన్ని రకాల బియ్యం కలిస్తే అన్నం సరిగ్గా ఉడకదు, ఒకటి మెత్తబడేసరికి ఇంకోటి పలుకుగా ఉంటుంది. అందుకని మా నాయనమ్మ వాటిని కలిపి నానబెట్టి, ఆరబెట్టి, తిరగట్లో రవ్వ విసిరేది. రవ్వ అయ్యాక ఏ గింజ ఎవరింటిదో ఎవరికీ తెలిసేది కాదు. దాన్ని మినప్పిండిలో కలిపి రాత్రికి పులవనిచ్చేది. ఆదివారం తెల్లవారుజామున అందరం సమాధుల తోటకి వెళ్ళి, కొవ్వొత్తులు వెలిగించి ఆరాధన చేసుకుని, సూర్యుడు పైకొచ్చేసరికి మా వాకిట్లో చాపల మీద కూర్చునేవాళ్ళం. పొట్టిక్కలు, కోడికూర. నలభై రోజుల తర్వాత నీచు ముట్టేది ఆ పూటే. ఆకు విప్పితే వచ్చే ఆ వాసన కోసం నేను ఆరాధనలో సగం పాటలు అన్యమనస్కంగానే పాడేదాన్నని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

నాకు పదో ఏడు నడుస్తుండగా, కుండలు తెచ్చే పని మొదటిసారి నాకు అప్పజెప్పారు. అంతవరకు ఆ పని మా మేనత్తది, ఆవిడకి పెళ్ళయి వెళ్ళిపోయింది. నాకు ఎక్కడలేని పెద్దరికం వచ్చేసింది. బియ్యం పోయించుకునే ముందు దోసిట్లోకి తీసుకుని చూడడం, వాసన చూడడం, తల ఊపడం. మా పిన్ని నన్ను చూసి, కంట్రోలు షాపు ఇన్‌స్పెక్టరు గారు వచ్చారని నవ్వింది. నాకది పొగడ్తలాగే వినిపించింది.

అందరికంటే చివర గట్టు మామ్మగారి ఇల్లు. కాలవ గట్టు మీద తాటాకుల పాక. మాకు దూరపు చుట్టం. భర్త పోయారు, పిల్లలు లేరు, కొబ్బరి పీచు తాళ్ళు పేనుకుని బతికేవారు. ఆవిడ తన కుండని రెండు చేతులతో ఎత్తి నా సంచిలో జాగ్రత్తగా ఒంపారు. అన్నీ కంట్రోలు బియ్యం. లావుగా, పచ్చగా, ముక్కవాసన. దారిలో చూస్తే పురుగులు కూడా కనిపించాయి. కిందటేడు పొట్టిక్క కొరికినప్పుడు నా పంటి కింద రాయి పడింది, అది కూడా గుర్తొచ్చింది. నేను మొదటిసారి తెస్తున్న బియ్యంలో ఇవి కలిస్తే పండగంతా పాడైపోతుందని, మా గడ్డిమేటు వెనక్కి వెళ్ళి వాటిని కోళ్ళకి పారబోశాను. తప్పు చేస్తున్నానని అనిపించలేదు, పైపెచ్చు మంచిపని చేశాననుకున్నాను. ఆ మాట చెప్పకపోతే ఇదంతా చెప్పడంలో అర్థం లేదు.

ఆదివారం కత్తి పట్టకూడదని మా నాయనమ్మ నియమం. అందుకని శనివారం పొద్దువాలేవేళ పండగ పుంజుని కోసి శుభ్రం చేయడానికి కూర్చుంది. నేను చెంబుతో నీళ్ళు పోస్తున్నాను. మెడ కింద మేత సంచి ఉబ్బుగా ఉంది. కోసేసరికి బొలబొలా బియ్యపు గింజలు రాలాయి. లావుగా, పచ్చగా ఉన్నాయి. మా ఇంట్లో అన్నీ అక్కుళ్ళనే రకం తెల్లటి సన్నబియ్యం. నాయనమ్మ ఆ గింజల్ని వేలితో అటూ ఇటూ కదిపింది. తర్వాత నా మొహంలోకి చూసింది. నా చేతిలో చెంబు జారింది. ఇంక అడగక్కర్లేకపోయింది, నేనే మొత్తం చెప్పేశాను.

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆవిడ పుంజుని కడిగి, ఉప్పూ పసుపూ రాసి, గిన్నెలో పెట్టి అరిటాకు కప్పింది. ఆ గిన్నె నా చేతుల్లో పెట్టి అప్పుడు మాట్లాడింది.

"ఆవిడ నలభై రోజులు కడుపు కట్టుకున్న బియ్యం దీని పొట్టలో ఉందమ్మా. ఇంక ఇది మన కోడి కాదు. పట్టుకెళ్ళి ఇచ్చేసి రా. ఎందుకిస్తున్నావో కూడా నీ నోటితోనే చెప్పు."

మా ఇంటి నుంచి గట్టుకి ఎంతో దూరం లేదు. కానీ ఆ సాయంత్రం నేను దారిలో మూడుసార్లు ఆగాను. గిన్నె గుమ్మంలో పెట్టేసి పరిగెత్తుకొచ్చేద్దామా అనిపించింది. నాయనమ్మ పంపిందని ఒక్కమాట చెప్పి ఊరుకుందామా అనిపించింది. అలా చేసినా ఎవరికీ తెలిసేది కాదు. మామ్మగారు పాక ముందు కూర్చుని తాడు పేనుతున్నారు. నన్ను చూసి మొహమంతా నవ్వుతో, పిండి కలిపేశారా అని అడిగారు. ఆ నవ్వు చూశాక అబద్ధం నోట్లోంచి రాలేదు. చెప్పాను. ఏడుస్తూ చెప్పాను.

ఆవిడ తాడు పక్కన పెట్టారు. తర్వాత అన్నారు. "పురుగులుంటాయని తెలుసునమ్మా. రోజూ ఏరేనండీ నేను. ఈ కళ్ళకి కనపడ్డం మానేసేయి."

పదేళ్ళ పిల్లని 'అండీ' అన్నారు. అది ఆవిడ అలవాటు, అందర్నీ అలాగే అనేవారు. కానీ ఆ పూట ఆ మాట నన్ను దెబ్బకంటే ఎక్కువ బాధపెట్టింది. రోజూ ఆవిడ చేట ముందేసుకుని, కనిపించని పురుగుల కోసం గింజ గింజా తడుముకున్నారన్నమాట. నేను ఒక్క విసురులో పారబోశాను.

ఆవిడ లేచి లోపలికి వెళ్ళి, డబ్బా అడుగున ఉన్న బియ్యంలోంచి గుప్పెడు తెచ్చి చేటలో పోసి నా ముందు పెట్టారు. నీ కళ్ళు మంచివి కదా, నువ్వే ఏరమన్నారు. పోతున్న వెలుగులో వంగి కూర్చుని ఒక్కో రాయీ, ఒక్కో పురుగూ తీశాను. అన్నిసార్లు కళ్ళు తుడుచుకుంటూ ఏరితే ఎంతసేపు పడుతుందో మీరే ఊహించుకోండి. ఆవిడ ఈలోగా గిన్నె మీద ఆకు తీసి పుంజుని అటూ ఇటూ తిప్పి చూశారు. గొంతు మారిపోయింది. కొత్తగా, కొంచెం దర్జాగా ఉంది.

"అయితే రేపు కూర నాదన్నమాట. మీ నాయనమ్మగారిని పొట్టిక్కల సంగతి చూసుకోమను. కూర మామ్మ తెస్తానందని చెప్పు."

ఆ గుప్పెడు బియ్యం ఒక్క గింజ రాలకుండా తెచ్చి ఇచ్చాను. నాయనమ్మ వాటిని వేణ్ణీళ్ళలో నానబెట్టి, విడిగా విసిరి, అప్పటికే కలిపి ఉంచిన పిండిలో కలిపేసింది. కూర సంగతి చెబితే, సరేనన్నట్టు ఆయ్ అని మాత్రం అంది. కానీ పమిటచెంగుతో మొహం తుడుచుకోవడం నేను చూశాను.

మర్నాడు ఆరాధన నుంచి వచ్చేసరికి గట్టు మామ్మగారు మా వాకిట్లో కుండ పక్కన నిలబడి ఉన్నారు. ఉతికిన తెల్లచీర, కొంగు బొడ్లో దోపుకుని, చేతిలో గరిటె. మసాలా దినుసులు లేక కొబ్బరి ఒక్కటే నూరి, పచ్చి మామిడికాయ చెక్కలు వేసి వండారు. అన్నేళ్ళూ ఆవిడ ఆ చాపల చివర కూర్చుని, ఎవరేం వేస్తే అది తిని, చాలండీ చాలండీ అంటూ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టిన మనిషి. అందరం ఆవిడకి పెట్టేవాళ్ళమే. ఆవిడ చేత్తో పెడితే తినాలని మాలో ఒక్కరికీ తోచలేదు. ఆ రోజు ఆవిడ వరసంతా తిరుగుతూ, ముక్క చాలదేమో, పులుసు వేసుకోండి అని మా నాన్నగారిని కూడా గదమాయించారు.

నా ముందుకు వచ్చినప్పుడు నేను తలెత్తలేదు. వేసింది తిన్నాను. నిజానికి అంత బాగున్న కూర మా ఇంట్లో అంతకు ముందు తినలేదు, అది ఇంకా బాధ. విస్తరి ఖాళీ అయ్యాక లేవబోతుంటే పక్కనే కూర్చున్న మా నాయనమ్మ మోచేత్తో పొడిచింది. మారడుగు అంది, నాకొక్కదానికే వినపడేలా. నాయనమ్మకి భయపడి అడిగాను తప్ప నాకై నాకు తోచి కాదు. "మామ్మగారూ, ఇంకాస్త వెయ్యండి" అన్నాను.

మామ్మగారు వెంటనే కదల్లేదు. గరిటె పట్టుకుని నన్నే చూశారు. అంతవరకూ అందరికీ ఆవిడే బతిమాలి వేశారు, అడిగి వేయించుకున్నవాళ్ళు ఎవరూ లేరు. కళ్ళు నిండుకొచ్చాయి, నవ్వు కూడా వచ్చింది. కుండ వంచి అడుగుదాకా గరిటె పోనిచ్చి వేశారు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. షుగరుంది, బీపీ ఉంది. ఎవరైనా భోజనానికి పిలిస్తే మా అమ్మాయి ముందే జాగ్రత్తలు చెప్పి పంపిస్తుంది. అన్నిటికీ తల ఊపి వెళతాను. ఎంత చిన్న ఇల్లయినా, ఏం వండినా, తిన్నాక విస్తరి ముందుకు జరిపి మారడుగుతాను. తిండియావ అని మా వాళ్ళు వేళాకోళం చేస్తారు. చేయనీయండి. వడ్డించే మనిషి గరిటె పట్టుకుని ఒక్క క్షణం ఆగిపోతారు చూడండి, నేను అడిగేది దానికోసం.