టర్బో బొత్తం నొక్కిన బతుకమ్మ పాట

ఆ రోజుల్లో మెదక్‌లో కంప్యూటర్ అంటే చెప్పులు బయట విడిచి చూసే వస్తువు. (ఏసీ గదిలోకి దుమ్ము రాకూడదని ఆ నియమం. మా సెంటర్‌లో ఏసీ లేదు, నియమం మాత్రం ఉండేది.) డిగ్రీ తప్పి, రెండు నెలల కోర్సు చేసి, నేను అక్కడ ఏకంగా టీచరమ్మనైపోయాను. చిక్కల్లా ఒక్కటే, విద్యార్థులు లేరు. "దసరా దాకా చూస్త. ఒక్కరన్న చేరకపోతే ఇంటికొచ్చి కుట్టుమిషన్ నేర్చుకో" అని కుల్చారంలో మా పెద్దబాపు (నాన్నకు అన్న) తేల్చేశాడు. నాన్న లేని ఇంట్లో ఆయన మాటే మాట. నాకేమో ఆ డబ్బాను వదిలి పోవాలంటే ఏడుపొచ్చేది.

అందుకే జనాన్ని రప్పించడానికి దానిచేత బతుకమ్మ పాట పాడించాలనుకున్నాను. దాని బుల్లి స్పీకరుకు తెలిసినవి రెండే పనులు, తన మీది గరాటులాంటి కాగితాన్ని ముందుకు నెట్టడం, వెనక్కి లాగడం. నెడితే ఒక 'టక్'. రెండు టక్కుల మధ్య కంప్యూటర్ ఊరికే అంకెలు లెక్కపెట్టాలి. తక్కువ లెక్కపెడితే టక్కులు దగ్గరపడి సన్నని గొంతు, ఎక్కువైతే బొంగురు గొంతు. ఒక్కో స్వరానికి ఎంత లెక్కో వెతుక్కోవడానికి నాకు వారం పట్టింది.

దసరా ముందు పాట వినిపిస్తామని పిలిచిన రోజు, పిల్లల్ని చేర్చే ఆలోచనతో కొందరు తల్లులు వచ్చారు. పెద్దబాపు కూడా వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. పాట మొదలవగానే తల్లులు అలవాటుగా చప్పట్లు అందుకున్నారు. "పెద్దమనుషులొచ్చిండ్రు, జర జోరుగ నడవాలె" అంటూ సెంటర్ నడిపే మా సార్ డబ్బా మీది టర్బో బొత్తం నొక్కేశాడు. అది నొక్కితే యంత్రం లెక్కపెట్టే వేగం రెట్టింపవుతుంది. అంతే! పాట కీచుగొంతుతో పరుగందుకుంది, చప్పట్లు వెనకబడ్డాయి. "ఎలుకతోక తొక్కిండ్రా ఏంది!" అందొకావిడ. నవ్వుకుంటూ అందరూ వెళ్లిపోయారు.

పెద్దబాపు నవ్వలేదు, కదల్లేదు. "బొత్తం నొక్కితే గొంతెందుకు మారిందే?" అన్నాడు. డబ్బా మూత విప్పి, ఆయన వేలు స్పీకరు కాగితం మీద పెట్టించి, లెక్క బాగా పెంచాను. టక్... టక్...

"కాగితం కొట్టుకుంటున్నది బిడ్డా! లెక్క సగం జెయ్యి. ఇంక సగం జెయ్యి." అలా సగం చేసుకుంటూ పోతే టక్కులన్నీ కలిసి 'గుయ్'మన్నాయి. "మరి పాటెక్కడున్నదే ఇందుల? అంతా టక్ టక్కే గద!"

"మన చెవిల్నే కలుస్తది, పెద్దబాపు."

ఆయన లేచి, బయటికెళ్లి చెప్పులు తొడుక్కున్నాడు. అయిపోయిందనుకున్నాను. "సంచి సర్దుకోనా?" అన్నాను.

"ఎందుకే? రేపు ఎన్నింటికి రావాలె?"

"ఎవరు?"

"నేనే. ఒక్కరన్న చేరాలంటి గద!"

అలా నా మొదటి విద్యార్థికి యాభై రెండేళ్లు. ఇప్పుడు నాకు ఇంచుమించు ఆ వయసే. మొన్న మా అమ్మాయి ఫోన్‌లో ఏదో కొత్తది చూపించబోతే "ఈ వయసులో నాకెందుకే" అనేశాను. అన్నాక నాకే సిగ్గేసి, దాన్ని మళ్లీ పిలిచాను.