ఎర్లీన్ నిద్ర చెడగొట్టిన డ్రమ్ము

న్యూయార్క్ నగరపు హార్లెంలో డ్రమ్మర్ రూఫస్ కోల్బర్ట్ గురించి మాట్లాడేవాళ్లంతా అతని చేతుల్ని పొగుడుతారు. కింది వాటాలో ఉండే ఎర్లీన్ పెటివే మాత్రం ఆ పేరులో సగం తన చీపురుకర్రదేనని వాదించేది.

ఆమెది ఆసుపత్రి లాండ్రీలో రాత్రి పని. పొద్దున్నే ఇల్లు చేరి, ఇంత మొక్కజొన్న రొట్టె తిని పడుకునేది. సరిగ్గా అప్పుడే పై వాటాలో రూఫస్ సాధన మొదలయ్యేది. ఆ రోజుల్లో డ్రమ్మర్లందరిలాగే అతనూ పెద్ద డ్రమ్మును కాలితో దడదడలాడించి లయ నడిపేవాడు. ఎర్లీన్ మంచమెక్కి చీపురుకర్రతో పైకప్పును పొడిచేది. అతను దానికి జవాబుగా ఇంకో దరువు వేసేవాడు. ఆమె మళ్లీ పొడిచేది. ఒకరోజు ఇద్దరూ కలిసి అలా ఒక పాటంతా పూర్తిచేసేసరికి ఆమె నెత్తిన సున్నం పెళ్లలు రాలాయి. ఆ అవతారంతోనే మెట్లెక్కింది.

"వాయించు రూఫస్, నేనొద్దన్నానా? నాకు మెలకువ రాకుండా వాయించు."

"నిద్రపోయేవాళ్ల కోసం డ్రమ్ము వాయిస్తారా అక్కా? జనం డాన్సు చెయ్యొద్దూ?"

"డాన్సు కాళ్లతో చేస్తారు, నా పుర్రెతో కాదు. చేతకాదంటే చెప్పు, పోతాను."

చేతకాదన్న మాట అతనికి గుచ్చుకుంది. పెద్ద డ్రమ్ములో దిండు కుక్కాడు. కాలు ఆనీఆననట్టు తొక్కడం నేర్చుకున్నాడు. లయను అక్కణ్ణుంచి తీసి, పెడలు నొక్కితే మూసుకునే జంట కంచు తాళాల మీదికి ఎక్కించాడు. డాన్సు హాల్లో మొదటిసారి అలా వాయించినప్పుడు బ్యాండు యజమాని తిట్టబోయి ఆగిపోయాడట. డ్రమ్ము హోరు తగ్గాక గానీ తమ బ్యాండులో మంద్రంగా మోగే బేస్ వాయించేవాడు కూడా ఉన్నాడని ఎవరికీ తెలియలేదు మరి. డాన్సు చేసేవాళ్ల అడుగులు తేలికపడ్డాయి. ఏడాది తిరక్కుండా పక్క హాళ్ల డ్రమ్మర్లూ దిండ్లు వెతుక్కున్నారు.

చనిపోయేముందు రూఫస్ తన డ్రమ్ముల్ని ఎర్లీన్‌కే ఇచ్చాడు, వాటినీ కాస్త నిద్రపుచ్చమని నవ్వుతూ.

అతని వాయింపు నేర్చుకోవాలని కుర్రాళ్లు వచ్చేవారు. ఆమె వేయించిన చేప పెట్టి, డ్రమ్ముల ముందు కూర్చోబెట్టి, తను వాలుకుర్చీలో కళ్లు మూసుకునేది. ఆమెకు మెలకువ వస్తే వాళ్లు ఇంటికి పోవాలి. నచ్చనివాళ్లు ఎంత మెత్తగా వాయించినా కావాలనే ఉలిక్కిపడి లేచేది.

ఒక మధ్యాహ్నం నదీన్ అనే పిల్ల వచ్చింది. తిన్న చేపను మెచ్చుకోనందుకు ఆమెను పంపేద్దామని ఎర్లీన్ ముందే అనుకుంది. తాళాలు సన్నటి జల్లులా మొదలయ్యాయి. ఇంకాస్త విని లేద్దామనుకుంది. అలా వింటూనే గురక పెట్టింది. కళ్లు తెరిచేసరికి సాయంత్రమైంది. నదీన్ ఆ గురకకు తగ్గట్టు ఇంకా వాయిస్తూనే ఉంది.

"చేతులు నొప్పెట్టలేదుటే?"

"పెట్టాయి మిస్ ఎర్లీన్. కానీ ఆపితే మీరు లేస్తారేమోనని భయమేసింది."

మర్నాడే ఆ డ్రమ్ములు నదీన్ ఇంటికి చేరాయి. తర్వాత వచ్చినవాళ్లకు ఎర్లీన్ చేప పెట్టి, ఆ పిల్ల అడ్రసు చెప్పి పంపేది.